పలాస బిల్లింగ్ అప్లికేషన్‌కి ఏ వైరింగ్? స్టాటిక్, చేతి వైరింగ్, స్ప్రింగ్, సీడీఐ, జ్యూస్

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి బిల్లింగ్ అప్లికేషన్ రాస్తున్నారనుకుందాం. జావా, టామ్‌క్యాట్, మైఎస్‌క్యూఎల్. పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, ఏ గ్రేడు పప్పు ఎంత తయారైంది, ఈరోజు డబ్ల్యూ 240 ధరెంత, డబ్ల్యూ 320 ధరెంత, ఏ పార్టీకి ఎన్ని టిన్నులు వెళ్లాయి, బిల్లు. ఇంతే. అప్లికేషన్ చిన్నదే అయినా ఇందులో కొన్ని ఆబ్జెక్టులు అన్ని స్క్రీన్లకీ ఉమ్మడిగా కావాలి: డేటాబేస్ కనెక్షన్ పూల్ (ముందే తెరిచి అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపు), ఆ రోజు ధరల పట్టీ, బిల్లు నంబరు ఇచ్చే క్లాస్, జేసన్ చదివి రాసే ఆబ్జెక్ట్ మ్యాపర్, ఎస్సెమ్మెస్ పంపే హెచ్‌టీటీపీ క్లయింట్. వీటిని ఎక్కడ పుట్టించాలి, వాడే క్లాసుల చేతికి ఎలా అందించాలి, చివర్లో ఎవరు మూయాలి? ఈ పుట్టించి అందించే ఏర్పాటునే వైరింగ్ అంటున్నాను.

రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల నుంచి మా ఆఫీసుకొచ్చే కొత్త పిల్లల్ని ఈ ప్రశ్న అడిగితే కొందరు "స్ప్రింగ్ బూట్ పెట్టేద్దాం సార్" అంటారు, కొందరు "స్టాటిక్ పెట్టేస్తే అయిపోద్ది కదండీ" అంటారు. రెండూ తప్పని చెప్పను. కానీ నా లెక్కలో అది రెండో ప్రశ్న. ముందు ప్రతి క్లాసూ తనకి కావలసినవాటిని కన్‌స్ట్రక్టర్‌లో అడిగేలా రాయాలి. అలా రాసిన కోడ్‌ని ఏ కంటైనర్ (ఆబ్జెక్టులని తనే పుట్టించి అందించే ఫ్రేమ్‌వర్క్) లోకైనా పెద్ద నొప్పి లేకుండా మార్చుకోవచ్చు. అలా రాయని కోడ్ ఏ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నా అక్కడే ఇరుక్కుపోతుంది.

ముందు ఏవి ఉమ్మడివో తేల్చుకోండి

ఉమ్మడిగా ఎందుకుండాలో పూల్ లెక్క చూస్తే తెలుస్తుంది. హికారీ అనే పూల్ లైబ్రరీకి మీరు ఏమీ చెప్పకపోతే గరిష్ఠంగా 10 కనెక్షన్లు తెరుస్తుంది, ఖాళీగా ఉన్నా ఆ 10నీ తెరిచే ఉంచుతుంది. మైఎస్‌క్యూఎల్ ఏ మార్పూ చేయకపోతే 151 కనెక్షన్ల దాకా ఒప్పుకుంటుంది. ఒక్కో సర్వ్‌లెట్ (స్క్రీన్ నుంచి వచ్చే రిక్వెస్టులకి జవాబిచ్చే జావా క్లాస్) తన ఇనిట్ మెథడ్‌లో సొంత పూల్ తెరిస్తే పదహారో సర్వ్‌లెట్ దగ్గర 160 అయ్యి గోడకి కొట్టుకుంటారు. అదీ అప్లికేషన్ పెట్టిన రోజు కనబడదు. సర్వ్‌లెట్లు ఒక్కొక్కటే, ఎవరో ఆ స్క్రీన్ తెరిచినప్పుడు మేలుకుంటాయి కాబట్టి సీజన్‌లో అన్ని స్క్రీన్లూ తెరిచిన రోజున బయటపడుతుంది.

అలాగని అన్నిటినీ ఉమ్మడి చేయకూడదు. టామ్‌క్యాట్ మామూలు సెట్టింగులో 200 థ్రెడ్ల వరకు ఒకేసారి పని చేస్తాయి, ఉమ్మడి ఆబ్జెక్ట్ మీద అవన్నీ ఒకేసారి పడతాయి. పూల్ దీన్ని తట్టుకుంటుంది, దాన్ని తయారుచేసిందే అందుకు. ఆబ్జెక్ట్ మ్యాపర్ కూడా, మొదట్లోనే సెట్టింగులన్నీ పెట్టేసి తర్వాత కదపకపోతే. జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్ సరే. పాత సింపుల్ డేట్ ఫార్మాట్ మాత్రం తట్టుకోదు. రెండు థ్రెడ్లు ఒకేసారి వాడితే ఎర్రర్ కూడా లేకుండా తప్పు తేదీ ఇవ్వగలదు. దాని బదులు జావా 8లో వచ్చిన డేట్ టైమ్ ఫార్మాటర్ వాడండి, అది మారదు కాబట్టి భయం లేదు. జేపీఏ (టేబుళ్లని జావా ఆబ్జెక్టులుగా చూపే పద్ధతి) వాడేవాళ్లకి ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ ఉమ్మడి, ఎంటిటీ మేనేజర్ ఎవరిది వారికే. పూల్ ఉమ్మడి, అందులోంచి తీసిన కనెక్షన్ ఆ రిక్వెస్ట్‌కే.

సర్వ్‌లెట్ కూడా ఉమ్మడి వస్తువేనని చాలామంది మర్చిపోతారు. డిక్లరేషన్‌కి ఒకటే ఆబ్జెక్ట్, అన్ని రిక్వెస్టులూ దాని మీదే నడుస్తాయి. పార్టీ పేరుని సర్వ్‌లెట్ ఫీల్డ్‌లో దాచారా, ఒక కౌంటర్‌లో కొట్టిన పేరు పక్క కౌంటర్ బిల్లు మీద పడుతుంది. ఈ జబ్బుకి డిపెండెన్సీ ఇంజెక్షన్ (క్లాస్‌కి కావలసినవాటిని బయటి నుంచి అందించడం) మందు కాదు. స్ప్రింగ్ కంట్రోలర్ ఫీల్డ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది.

స్టాటిక్ సింగిల్‌టన్

సింగిల్‌టన్ అంటే ఒక క్లాస్‌కి ఒక్కటే ఆబ్జెక్ట్. ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్, ఒక స్టాటిక్ ఫీల్డ్, గెట్ ఇన్‌స్టెన్స్. పది నిమిషాల పని, ఎక్కడి నుంచైనా పిలవొచ్చు. చిక్కు కూడా అక్కడే. అది వీధి కుళాయి లాంటిది: దారినపోయే ఎవరైనా తిప్పొచ్చు, ఎవరు తిప్పి వదిలేశారో తెలీదు. బిల్లు సర్వీస్ క్లాస్ తెరిచి చూస్తే దాని కన్‌స్ట్రక్టర్ ఖాళీగా ఉంటుంది. లోపల నాలుగు వందల లైన్ల కింద ఎక్కడో డేటాబేస్‌ని పిలుస్తుంది. ఆ క్లాస్‌కి ఏమేం కావాలో చెప్పే చోటు ఒక్కటీ ఉండదు. 25 టిన్నుల మొత్తం సరిగ్గా వస్తుందా లేదా అని టెస్ట్ రాయాలన్నా మైఎస్‌క్యూఎల్ లేపి కూర్చోవాలి.

"ఒకటే ఉంటుంది" అన్న మాట కూడా సగమే నిజం. స్టాటిక్ ఫీల్డ్ క్లాస్‌లోడర్‌కి (క్లాసులని మెమరీలోకి ఎక్కించేదానికి) ఒకటి. టామ్‌క్యాట్ ప్రతి వెబ్ అప్లికేషన్‌కీ వేరే క్లాస్‌లోడర్ ఇస్తుంది. ఒకే జార్‌ని బిల్లింగ్‌లోనూ, స్టాక్ అప్లికేషన్‌లోనూ పెడితే రెండు సింగిల్‌టన్లు. అదే జార్‌ని తీసుకెళ్లి టామ్‌క్యాట్ సొంత లిబ్ ఫోల్డర్‌లో పెడితే రెండు అప్లికేషన్లకీ కలిపి ఒకటి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, జార్ ఉన్న చోటు మారింది, అంతే.

ఇక మూసే సంగతి. స్టాటిక్‌ని ఎవరూ మూయరు. సర్వర్ ఆపకుండా కొత్త వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తం కట్టిన మూట) పెట్టినప్పుడు పాత అప్లికేషన్ తాలూకు పూల్ థ్రెడ్ ఒక్కటి బతికున్నా పాత క్లాస్‌లోడర్ మొత్తం మెమరీలో వేలాడుతుంది. టామ్‌క్యాట్ లాగ్‌లో "ఈ అప్లికేషన్ ఒక థ్రెడ్ మొదలుపెట్టింది, ఆపలేకపోయింది, మెమరీ లీక్ కావచ్చు" అన్న అర్థంలో ఒక హెచ్చరిక వస్తుంది. చాలామంది చూసి వదిలేస్తారు. నాలుగైదు సార్లు అలా డిప్లాయ్ చేశాక మెటాస్పేస్ (క్లాసులు ఉండే మెమరీ) నిండి సర్వర్ పడిపోతే అప్పుడు మైఎస్‌క్యూఎల్‌ని తిడతారు.

స్టాటిక్‌కి చోటు లేదా అంటే ఉంది. మారని విలువలు, స్థితి లేని చిన్న లెక్కలు, పైన చెప్పిన డేట్ టైమ్ ఫార్మాటర్ లాంటివి. మూయాల్సిన పని ఉన్నదేదీ స్టాటిక్‌లో పెట్టకండి.

సర్వ్‌లెట్ కాంటెక్స్ట్, జేఎన్‌డీఐ

వీటి మీద ఎక్కువ చెప్పను. లిజనర్‌లో (అప్లికేషన్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు టామ్‌క్యాట్ పిలిచే క్లాస్) ఆబ్జెక్ట్ చేసి, ఒక పేరు పెట్టి కాంటెక్స్ట్‌లో (అప్లికేషన్ అంతటికీ ఉమ్మడి అర) వేసి, సర్వ్‌లెట్ అదే పేరుతో తీసుకుని టైప్ మార్చుకోవడం సర్వ్‌లెట్ల తొలినాళ్ల నుంచీ ఉన్న పద్ధతి. పుట్టించే చోటు, మూసే చోటు ఉన్నాయి, కాబట్టి స్టాటిక్ కంటే మెరుగు. పేరులో ఒక అక్షరం తప్పితే కంపైలర్ చెప్పదు, ఆ స్క్రీన్ తెరిచిన మనిషి చెప్తాడు. జేఎన్‌డీఐ (సర్వర్ దగ్గరున్న వస్తువుని పేరుతో అడిగే పద్ధతి) మాత్రం డేటాసోర్స్‌కి ఇప్పటికీ మంచిదే, ముఖ్యంగా పాస్‌వర్డ్ వార్ ఫైల్‌లో ఉండకూడదని షావుకారుగారి ఆడిటర్ పట్టుబడితే. పూల్ టామ్‌క్యాట్ చేతిలో ఉంటుంది, అప్లికేషన్ అడిగి తీసుకుంటుంది. మిగతా ఆబ్జెక్టులకి దాని జోలికి పోవద్దు.

చేతి వైరింగ్

జనం తక్కువ అంచనా వేసేది దీన్నే. కంటైనర్ లేదు, యానొటేషన్ లేదు. అప్లికేషన్ మొదలయ్యే ఒక్క చోట అన్నిటినీ వరసగా పుట్టించి, ఒకదాన్ని ఇంకొకదాని కన్‌స్ట్రక్టర్‌కి ఇస్తాం. సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్‌లోని "మొదలైంది" మెథడ్ ఇలా ఉంటుంది. తెలుగులో రాస్తున్నాను, జావాలోకి మార్చుకోవడం మీకు చేతనైన పనే:

పూల్ = కొత్త హికారీ‌డేటాసోర్స్(సెట్టింగులు)
ధరలు = కొత్త ధరలపట్టీ(పూల్)
నంబర్లు = కొత్త బిల్లునంబర్లు(పూల్)
ఎస్సెమ్మెస్ = కొత్త సందేశాలు(హెచ్‌టీటీపీక్లయింట్)
బిల్లింగ్ = కొత్త బిల్లుసర్వీస్(ధరలు, నంబర్లు, ఎస్సెమ్మెస్)
కాంటెక్స్ట్.సర్వ్‌లెట్‌కలుపు("బిల్లు", కొత్త బిల్లుసర్వ్‌లెట్(బిల్లింగ్))

చివరి లైన్ దగ్గర ఆగండి. సర్వ్‌లెట్‌ని టామ్‌క్యాట్ పుట్టిస్తుంది కాబట్టి దాని కన్‌స్ట్రక్టర్‌కి మనం ఏమీ ఇవ్వలేం అని చాలామంది అనుకుంటారు. 2009లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 నుంచి, మనమే తయారుచేసిన సర్వ్‌లెట్ ఆబ్జెక్ట్‌ని లిజనర్‌లోంచి నేరుగా రిజిస్టర్ చేయొచ్చు. యూఆర్‌ఎల్ మ్యాపింగ్ కూడా అక్కడే కలిపేయాలి. దీంతో సర్వ్‌లెట్ ఫీల్డ్‌లు కూడా ఫైనల్ చేసుకోవచ్చు, టెస్ట్‌లో బొమ్మ సర్వీస్ ఇచ్చి పిలవొచ్చు.

ఆ ఆరు లైన్లు చదివితే అప్లికేషన్ మొత్తం కనబడుతుంది. బిల్లు సర్వీస్‌కి ధరలు, నంబర్లు, ఎస్సెమ్మెస్ కావాలి, పూల్‌ని అది నేరుగా ముట్టుకోదు. రెండు పూల్స్ పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే "కొత్త హికారీ‌డేటాసోర్స్" అన్న మాట కోడ్ మొత్తంలో ఒక్కచోటే ఉంది. ధరలకి పూల్, పూల్‌కి ధరలు కావాలని ఎవరైనా ముడివేస్తే కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది.

"ముగిసింది" మెథడ్‌లో తిరగేసిన వరసలో మూయాలి: ముందు ఎస్సెమ్మెస్ పంపే థ్రెడ్లు, ఆఖరున పూల్. తలకిందులైతే పోతూ పోతూ ఎవరో పూల్‌ని అడిగి ఎర్రర్ తింటారు. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ తన సొంత క్లీనప్ థ్రెడ్ ఒకటి నడుపుతుంది. డ్రైవర్ జార్ అప్లికేషన్ లోపలే ఉంటే దాన్నీ ఇక్కడే ఆపి, డ్రైవర్‌ని రిజిస్టర్‌లోంచి తీసేయాలి. ఇది మాత్రం ఏ ఫ్రేమ్‌వర్క్ వాడినా మన మెడకే.

ఎప్పుడు చాలదు? ఉమ్మడి ఆబ్జెక్టులు ఇరవై ముప్పై దాటి, ట్రాన్సాక్షన్లు, సెక్యూరిటీ, షెడ్యూల్ పనులు అన్నీ కావాల్సి వచ్చినప్పుడు. అప్పుడు మీరు చేతితో రాస్తున్నది ఒక నాసిరకం స్ప్రింగ్ అవుతుంది.

స్ప్రింగ్

2004 మార్చిలో 1.0 వచ్చినప్పటి నుంచి జావా వెబ్ పని అంటే సగం ఇదే. ఉమ్మడి ఆబ్జెక్టుల విషయంలో దీని గుణం ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఏమీ చెప్పకపోతే ప్రతి బీనూ (స్ప్రింగ్ పుట్టించి చూసుకునే ఆబ్జెక్ట్) సింగిల్‌టన్, ప్రతి సింగిల్‌టనూ అప్లికేషన్ లేచేటప్పుడే పుడుతుంది. ఒక బీన్ దొరక్కపోతే, పొద్దున్న సర్వర్ లేపినప్పుడే మొహం మీద పడుతుంది. మధ్యాహ్నం లారీ లోడయ్యాక బిల్లు కొట్టే వేళకి ఆగదు. నాకు స్ప్రింగ్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే.

కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే 4.3 నుంచి ఆటోవైర్డ్ అని రాయనక్కర్లేదు. అంటే చేతి వైరింగ్‌లో రాసుకున్న బిల్లు సర్వీస్ క్లాస్‌కి పైన @సర్వీస్ అన్న ఒక్క యానొటేషన్ పెడితే చాలు, లోపల ఒక్క లైన్ కూడా మారదు. ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ పెట్టే పాత అలవాటు మానేయండి. అలా రాసిన క్లాస్‌ని స్ప్రింగ్ లేకుండా పుట్టిస్తే లోపల అన్నీ నల్. మూసే పని కూడా చూసుకుంటుంది: @బీన్ మెథడ్ తిరిగిచ్చిన ఆబ్జెక్ట్‌కి పబ్లిక్ క్లోజ్ మెథడ్ ఉంటే కంటైనర్ ఆగేటప్పుడు తనే పిలుస్తుంది. స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి మామూలుగా వచ్చే పూల్ హికారీయే.

ఇక్కడ కూడా "ఒకటే" అన్న మాటకి హద్దు ఉంది. స్ప్రింగ్ సింగిల్‌టన్ కంటైనర్‌కి ఒకటి. ఒక పాత వార్ ప్రాజెక్ట్ మీద పని చేస్తూ మా ఆఫీసులో ఒకమ్మాయి వచ్చి, "అన్నా, ధర మార్చేను, స్క్రీన్ మీద కొత్త ధరే కనిపిస్తంది, రాత్రి రిపోర్ట్‌లో పాతదే పడతందేటి?" అని అడిగింది. ధరల పట్టీ కన్‌స్ట్రక్టర్‌లో ఒక లాగ్ లైన్ పెట్టమన్నాను. సర్వర్ లేవగానే అది రెండుసార్లు పడింది. పాత స్ప్రింగ్ ఎంవీసీ ప్రాజెక్టుల్లో రూట్ కాంటెక్స్ట్ ఒకటి, డిస్పాచర్ సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ ఇంకొకటి ఉంటాయి. రెండూ ఒకే ప్యాకేజీని స్కాన్ చేస్తుంటే ప్రతి సర్వీసూ రెండేసి పుడుతుంది. స్క్రీన్ ఒకదాన్ని మారుస్తుంది, రాత్రి రిపోర్ట్ ఇంకొకదాన్ని చదువుతుంది. డిస్పాచర్‌ని కంట్రోలర్ ప్యాకేజీకే పరిమితం చేస్తే తీరిపోయింది. ఏ ఉమ్మడి ఆబ్జెక్ట్ మీద అనుమానం వచ్చినా, ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా, కన్‌స్ట్రక్టర్‌లో ఆ ఒక్క లాగ్ లైన్ పెట్టి చూడండి.

ఇంకో గొయ్యి. కాన్ఫిగరేషన్ క్లాస్‌లో ఒక బీన్ మెథడ్ లోంచి ఇంకో బీన్ మెథడ్‌ని నేరుగా పిలిస్తే, మామూలుగా స్ప్రింగ్ మధ్యలో అడ్డుపడి ఉన్నదాన్నే ఇస్తుంది. 5.2లో ఆ అడ్డాన్ని ఆపే సెట్టింగ్ వచ్చింది, ప్రాక్సీ బీన్ మెథడ్స్ ఫాల్స్ అని. స్టార్టప్ వేగం కోసం ఎక్కడో చూసి అది పెట్టేస్తారు. ఆ తర్వాత పూల్ మెథడ్‌ని మూడుచోట్ల పిలిస్తే పూల్స్ అదనంగా పుడుతూనే ఉంటాయి. మెథడ్‌ని పిలవకుండా దానికి కావలసిన బీన్‌ని పారామీటర్‌గా అడిగే అలవాటు చేసుకుంటే ఈ సెట్టింగ్ ఎలా ఉన్నా మనకి ఇబ్బంది లేదు.

ప్రోటోటైప్ స్కోప్ (అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్) మీద కూడా ఒక మాట. సింగిల్‌టన్ లోపలికి ప్రోటోటైప్‌ని ఇంజెక్ట్ చేస్తే అది ఒక్కసారే వస్తుంది, ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తది రాదు. అడిగిన ప్రతిసారీ కొత్తది కావాలంటే ప్రొవైడర్ తీసుకోవాలి. బీన్లు ఒకదాన్నొకటి అడిగే చక్రం ఉంటే, 2021లో వచ్చిన బూట్ 2.6 నుంచి అప్లికేషన్ లేవనే లేవదు. దాన్ని అనుమతించే సెట్టింగ్ ఉంది కానీ పెట్టకండి, క్లాస్‌ని రెండుగా విడగొట్టండి.

సీడీఐ

సీడీఐ అంటే జావా సర్వర్ల ప్రమాణంలోనే ఉన్న డిపెండెన్సీ ఇంజెక్షన్. 2009 డిసెంబరులో జావా ఈఈ 6తో వచ్చింది, ఇప్పుడు జకార్తా ఈఈలో భాగం. వైల్డ్‌ఫ్లై, పయారా, ఓపెన్ లిబర్టీ లాంటి సర్వర్ మీద పని చేస్తుంటే ఇది సర్వర్‌తోపాటే ఉంటుంది. ఉత్త టామ్‌క్యాట్‌లో ఉండదు, దాన్ని అమలుచేసే వెల్డ్ లైబ్రరీ తెచ్చి తగిలించుకోవాలి.

స్ప్రింగ్ చేతివాటం ఉన్నవాళ్లు ఇక్కడ మొదటి రోజే తడబడతారు. సీడీఐలో స్కోప్ చెప్పకపోతే డిపెండెంట్, అంటే అడిగిన ప్రతి చోటా కొత్త ఆబ్జెక్ట్. ధరల పట్టీ ఒకటే ఉండాలంటే @అప్లికేషన్‌స్కోప్డ్ పెట్టాలి. అప్పుడు కూడా మన చేతికి వచ్చేది ప్రాక్సీ, అంటే అసలుదాని ముందు నిలబడే బదులు ఆబ్జెక్ట్. అసలు ఆబ్జెక్ట్ మొదటి మెథడ్ పిలిచినప్పుడు పుడుతుంది. ప్రాక్సీ తయారవ్వాలంటే క్లాస్‌కి పారామీటర్లు లేని, ప్రైవేట్ కాని కన్‌స్ట్రక్టర్ ఒకటి ఉండాలని స్పెసిఫికేషన్ అడుగుతుంది. కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ వాడేవాళ్లకి ఇది పంటి కింద రాయి, ఊరికే ఒక ఖాళీ కన్‌స్ట్రక్టర్ రాయాల్సి వస్తుంది. ఆలస్యంగా పుట్టడం వద్దంటే, సీడీఐ 4.0లో స్టార్టప్ ఈవెంట్‌ని అబ్జర్వ్ చేసే మెథడ్ ఒకటి పెట్టి ఆబ్జెక్ట్‌ని అప్పుడే లేపొచ్చు.

పెద్ద గొయ్యి సింగిల్‌టన్ అన్న పేరే. ఐడీఈలో @సింగిల్‌టన్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏ ఇంపోర్ట్ వస్తుందో చూసుకోండి. జకార్తా ఇంజెక్ట్‌ది ఒకటి: ప్రాక్సీ లేదు, పైగా సీడీఐ దీన్ని బీన్‌ని గుర్తుపట్టే యానొటేషన్‌గా లెక్కపెట్టదు. యానొటేషన్లు ఉన్న క్లాసులనే వెతికే మామూలు పద్ధతిలో ఈ ఒక్కటే పెట్టిన క్లాస్ దానికి అసలు కనబడదు. ఈజేబీది (జావా ఈఈలోని పాత కాంపొనెంట్ పద్ధతి) ఇంకొకటి: ఇది కంటైనర్ తాళం వేసి ఇచ్చే సింగిల్‌టన్. మీరేమీ చెప్పకపోతే ప్రతి మెథడ్‌కీ రైట్ లాక్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్డే లోపలికి వెళ్తుంది. ధరలు చదవడానికి వచ్చిన అన్ని కౌంటర్లూ ఆ ఒక్క గుమ్మం దగ్గర వరస కడతాయి. డేటాబేస్ ఖాళీ, సీపీయూ ఖాళీ, స్క్రీన్లు మాత్రం కదలవు. చదివే మెథడ్లకి రీడ్ లాక్ అని చెప్పాలి. అప్లికేషన్‌స్కోప్డ్‌కి దీనికి తలకిందులుగా ఏ తాళమూ ఉండదు, థ్రెడ్ల బాధ్యత పూర్తిగా మీదే. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేస్తే నడుస్తుంది కూడా. జనం పెరిగినప్పుడు తెలుస్తుంది తేడా.

జ్యూస్, ఇంకా కొన్ని

గూగుల్ 2007లో బయటపెట్టిన జ్యూస్ (Guice) చిన్నది, శుభ్రంగా ఉంటుంది. మాడ్యూల్ క్లాస్‌లో ఏ ఇంటర్‌ఫేస్‌కి ఏ క్లాసో జావా కోడ్‌లోనే రాస్తాం. ఇందులోనూ స్కోప్ చెప్పకపోతే ప్రతిసారీ కొత్తదే వస్తుంది, సింగిల్‌టన్ అని చెప్పాలి. ప్రొడక్షన్ స్టేజ్‌లో లేపితే సింగిల్‌టన్లన్నీ ముందే పుడతాయి, డెవలప్‌మెంట్ స్టేజ్‌లో అడిగినప్పుడు పుడతాయి. కానీ ఆబ్జెక్టులని మూసే ఏర్పాటు ఇందులో లేదు, లిజనర్‌లో మీరే రాసుకోవాలి. అంత రాసుకునేటప్పుడు చేతి వైరింగే చాలు కదా అనిపిస్తుంది నాకు. ఇప్పటికే జ్యూస్ మీద ఉన్న కోడ్ చేతికొస్తే పీకేయకండి, కొత్తగా మాత్రం మొదలుపెట్టను.

క్వార్కస్, మైక్రోనాట్ అనే ఫ్రేమ్‌వర్కులు వైరింగ్‌ని కంపైల్ సమయంలోనే తేల్చేస్తాయి, బేగి లేస్తాయి, మెమరీ తక్కువ తింటాయి. చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని నడిపేవాళ్లు చూడదగ్గవే. క్వార్కస్ నేర్చుకుంటే సీడీఐ యానొటేషన్లే కాబట్టి చదువు వృథా పోదు.

కరెంటు పోయినప్పుడు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి తోటలు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మన జిల్లాల్లో ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోనే సర్వర్ పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ ముక్క చెప్పాలి. లిజనర్ "ముగిసింది" మెథడ్ గానీ, @ప్రీడిస్ట్రాయ్ గానీ, స్ప్రింగ్ పిలిచే క్లోజ్ గానీ, సర్వర్‌ని పద్ధతిగా ఆపినప్పుడే నడుస్తాయి. ప్లగ్ ఊడిపోతే వీటిలో ఒక్కటీ నడవదు. ఉమ్మడి ఆబ్జెక్ట్‌లో వంద ఎస్సెమ్మెస్‌ల క్యూ దాచి "మూసేటప్పుడు డేటాబేస్‌లో రాస్తాలే" అనుకుంటే ఆ వందా పోతాయి. ఉమ్మడి ఆబ్జెక్ట్‌లో ఉంచదగ్గది మళ్లీ తయారుచేసుకోగలిగినదే: పూల్, డేటాబేస్ నుంచి మళ్లీ చదువుకోగల ధరలు. ఈ విషయంలో పైన చెప్పిన పద్ధతులన్నీ ఒకటే, ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు.

మరి ఏది పెట్టుకోవాలి?

ఒకరో ఇద్దరో రాసే అప్లికేషన్, పదీ పదిహేను ఉమ్మడి ఆబ్జెక్టులు, టామ్‌క్యాట్, పెద్దగా పెరిగే సూచన లేదు: చేతి వైరింగ్. పలాస అప్లికేషన్‌కి నేనైతే దీనితోనే మొదలుపెడతాను.

అదే అప్లికేషన్‌ని ఇంకో నాలుగు ఫ్యాక్టరీలకి అమ్మాలనుకుంటున్నారు, లాగిన్లు, హక్కులు, రాత్రి రిపోర్టులు కావాలి, మనుషులు మారుతుంటారు: స్ప్రింగ్ బూట్. మనుషుల మాట తేలిగ్గా తీసుకోకండి. విజయనగరంలో పని నేర్చుకున్న కుర్రాడు ఏడాది తిరక్కుండా విశాఖో హైదరాబాదో వెళ్లిపోతాడు, వెళ్లడంలో తప్పూ లేదు. వాడి కుర్చీలోకి వచ్చేవాడికి బూట్ ముందే వచ్చి ఉంటుంది. మనం సొంతంగా అల్లిన వైరింగ్‌ని ఎవరో కూర్చుని చెప్పాలి. చేతి వైరింగ్ ఆరు లైన్లున్నంత కాలం ఈ వాదన నిలవదు, రెండు వందల లైన్లయ్యాక నిలుస్తుంది.

క్లయింట్ దగ్గర వైల్డ్‌ఫ్లై లాంటి సర్వర్ ముందే ఉంటే సీడీఐ. దాని మీదకి స్ప్రింగ్‌ని మోసుకెళ్లి రెండు కంటైనర్లు నడపడం అనవసరపు బరువు.

ఏది ఎంచుకున్నా వెర్షన్ జత చూసుకోండి. టామ్‌క్యాట్ 9 వరకు ప్యాకేజీ పేర్లు జావాఎక్స్‌తో మొదలవుతాయి, టామ్‌క్యాట్ 10 నుంచి జకార్తాతో. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 జకార్తా వైపు వెళ్లింది, జావా 17 కనీసం ఉండాలి. పాత సర్వర్ మీద కొత్త బూట్ వార్ పెడితే క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. అది వైరింగ్ తప్పనుకుని యానొటేషన్లు మార్చుకుంటూ పొద్దుపుచ్చినవాళ్లు ఉన్నారు.

ఇప్పటికే స్టాటిక్‌లతో నిండిన అప్లికేషన్ చేతిలో ఉంటే మొత్తం ఒకేసారి తిరగరాయొద్దు. ఒక సర్వీస్ తీసుకోండి. అది లోపల పిలిచే గెట్ ఇన్‌స్టెన్స్‌లన్నీ కన్‌స్ట్రక్టర్ పారామీటర్లుగా పైకి లాగండి. ఆ సర్వీస్‌ని పుట్టించే చోట మాత్రం ప్రస్తుతానికి గెట్ ఇన్‌స్టెన్స్ పిలిచి ఇవ్వండి. టెస్ట్ రాయండి. తర్వాతి సర్వీస్. పిలుపులన్నీ లిజనర్ దాకా వచ్చి చేరాక గెట్ ఇన్‌స్టెన్స్‌ని చెరిపేయడం ఒక్క నిమిషం.

బిల్లు నంబరు

ఆఖరుగా, అందరూ తప్పు చోట పెట్టే ఆబ్జెక్ట్. బిల్లు నంబర్ల క్లాస్‌లో ఒక అటామిక్ లాంగ్ కౌంటర్ పెట్టి, దాన్ని సింగిల్‌టన్ చేసి, ఇక నంబర్లు కలవవు అనుకుంటారు. పైన చెప్పిన ప్రతి కంటైనరూ ఇచ్చే "ఒకటి" ఒక్క ప్రాసెస్ లోపలి ఒకటి. రెండో టామ్‌క్యాట్ పెట్టిన రోజున ఇద్దరూ ఒకే నంబరు ఇస్తారు. సర్వర్ తిరిగి లేస్తే లెక్క మొదటికొస్తుంది. జీఎస్‌టీ బిల్లుకి వరస తప్పని నంబరు ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో అది మళ్లీ రాకూడదు. ఆటో ఇంక్రిమెంట్ కూడా దీనికి పనికిరాదు, ట్రాన్సాక్షన్ వెనక్కి పోయినప్పుడు నంబర్లలో ఖాళీలు మిగులుతాయి.

కాబట్టి ఆ క్లాస్ ఉమ్మడిదే అయినా లోపల ఏ అంకే దాచకూడదు. డేటాబేస్‌లో ఆర్థిక సంవత్సరానికి ఒక వరుస ఉండే చిన్న టేబుల్ పెట్టండి. బిల్లు రాసే ట్రాన్సాక్షన్‌లోనే, అదే కనెక్షన్ మీద, ఫర్ అప్‌డేట్‌తో ఆ వరుసకి తాళం వేసి, ఒకటి పెంచి, బిల్లుతో కలిపి కమిట్ చేయండి. బిల్లు వెనక్కి పోతే నంబరు కూడా వెనక్కి పోతుంది. అందుకని ఈ క్లాస్ మెథడ్ కనెక్షన్‌ని పారామీటర్‌గా తీసుకోవాలి. కన్‌స్ట్రక్టర్‌లో వచ్చిన పూల్ నుంచి సొంతంగా ఇంకో కనెక్షన్ తీసుకుంటే అది వేరే ట్రాన్సాక్షన్ అయిపోతుంది. అంటే నేను పైన రాసిన ఆరు లైన్లలో మూడోదానికి పూల్ అక్కర్లేదు, "కొత్త బిల్లునంబర్లు()" అని ఉంటే చాలు. కనెక్షన్ తీసి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది బిల్లు సర్వీస్ కాబట్టి ఆ పూల్ అయిదో లైన్‌కి మారుతుంది. ఏప్రిల్ 1న కొత్త సంవత్సరం వరుస లేకపోతే అదే ట్రాన్సాక్షన్‌లో దాన్ని చేర్చే కోడ్ కూడా రాసి, మార్చి 31 రాత్రి తేదీతో ఒక టెస్ట్ పెట్టండి.